స్టెంటు జారినప్పుడు ఏ భాషలో చెప్పాలి

మా దీవుల్లో ఇద్దరు మనుషులు రహస్యం మాట్లాడుకోవడం కష్టం. గోడలకు చెవులుంటాయని పెద్దవాళ్లు అన్నది మామూలు ఊళ్ల సంగతి. ఇక్కడి గోడలకు చెవులతో పాటు తమిళం, మలయాళం, బెంగాలీ కూడా వచ్చు.

నేను గోల్ ఘర్ పేటలో పుట్టి పెరిగాను. మా తాత సిక్కోలు తీరం నుంచి వల భుజాన వేసుకుని వచ్చినవాడు. మా ఇంట్లో తెలుగు, గుమ్మం దిగితే హిందీ, ఎడమ గోడ అవతల తమిళం, కుడి గోడ అవతల బెంగాలీ, ఎదురింట్లో మలయాళం. ఏ భాషా ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. ముందు తిట్లు వచ్చాయి, తర్వాత తిండి పేర్లు వచ్చాయి, మిగతాదంతా వాటి వెనకే వచ్చేసింది. చదవడం, రాయడం మాత్రం తెలుగొక్కటే. అదీ మా అమ్మ వీపు చిట్లగొట్టి నేర్పింది కాబట్టి.

ఉద్యోగం కూడా నా చెవులకు తగ్గదే దొరికింది. అవతలి ఒడ్డు బాంబూఫ్లాట్‌కి వెళ్లే ఫెర్రీలో లస్కర్‌ని. జెట్టీ రాగానే తాడు విసరాలి, కట్టాలి, బయల్దేరేటప్పుడు విప్పాలి. మిగతా సమయమంతా రెయిలింగ్ దగ్గర నిలబడి జనం మాటలు వినాలి. ఆ రెండోది డ్యూటీలో లేదు, నా సొంత శ్రద్ధ. ఒకసారి మెయిన్‌లాండ్ నుంచి కొత్తగా వచ్చిన ఇంజినీరు ఒకాయన నన్ను చూపిస్తూ, పక్కనున్న స్నేహితుడితో మలయాళంలో, "ఈ తాడు మనిషిని చూడు, ఎండబెట్టిన చేపలా ఉన్నాడు" అన్నాడు. నేను తాడు కట్టేసి వచ్చి, అదే మలయాళంలో, "ఎండు చేపే సార్, పచ్చి చేప కన్నా ఎక్కువ కాలం ఆగుతుంది" అన్నాను. ఆయన బదిలీ అయ్యేదాకా ఆ ఫెర్రీలో మళ్లీ నోరు విప్పలేదు. ఇలా నేను చాలామంది ప్రయాణం పాడు చేశాను. అందుకు నాకు విచారమేమీ లేదు.

ఎక్కువ కాలం ఆగుతానని నేను అనుకున్నాను గానీ, నా గుండె అనుకోలేదు. రిటైరయ్యాక ఒక పొద్దున మిడిల్ పాయింట్‌లో చేపల సంచి పట్టుకుని ఎత్తు ఎక్కుతుంటే ఛాతీ మీద ఎవరో మోకాలు ఆనించి నొక్కినట్టయింది. ఒక దుకాణం మెట్టు మీద కూలబడ్డాను. వెనకాలే వస్తున్న మా ఆవిడ ముందు చేపల సంచి అందుకుంది, తర్వాత నా మొహం చూసింది.

"ఏటయ్యా, ఏటయింది?"

"గ్యాసు."

"గ్యాసయితే ఎడం సెయ్యి ఎందుకు నొక్కుకుంతన్నావు? గ్యాసు సేతిలోకి ఎల్తాదా?"

ఆవిడ రోడ్డు మధ్యలోకి వెళ్లి ఒక ఆటోని ఆపింది. అందులో అప్పటికే ఎవరో కూర్చుని ఉన్నారు. "భయ్యా, ఉతరో, హార్ట్ కా కేస్ హై" అని వాళ్లను దింపేసి నన్ను ఎక్కించింది. దిగినవాళ్లకు ఇప్పటికీ క్షమాపణ బాకీ ఉన్నాం.

ఆసుపత్రిలో సూదులూ మాత్రలూ ఇచ్చి నొప్పి తగ్గించారు. గుండెకు వెళ్లే నాళం ఒకటి సన్నబడిపోయిందనీ, చేతి మణికట్టు నుంచి సన్నటి గొట్టం పంపి, లోపల స్టెంటు పెట్టాలనీ గుండె డాక్టరు చెప్పాడు. స్టెంటు అంటే జల్లెడ చుట్టినట్టుండే చిన్న లోహపు గొట్టం. ముడుచుకుపోయిన బెలూను మీద దాన్ని తొడిగి లోపలికి పంపుతారు. సన్నబడ్డ చోటికి చేరాక బెలూను ఊదితే అది విచ్చుకుని నాళం గోడకు అంటుకుంటుంది. బెలూను తిరిగి వచ్చేస్తుంది, స్టెంటు అక్కడే ఉండిపోతుంది. జెట్టీలో దూలాలు దింపినట్టే కదా అని నేను పెద్ద తెలిసినవాడిలా తలాడించాను.

డాక్టరు కుర్రాడు. కేరళ అబ్బాయి, చెన్నైలో చదివాడట, దీవులకు వచ్చి ఎంతో కాలం కాలేదు. మంచివాడు. మా ఆవిడను "ఆంటీ" అన్నాడు, నన్ను "అంకుల్" అన్నాడు, హిందీలో నిదానంగా మాట్లాడాడు.

"అంకుల్, మీ నాళంలో సున్నం బాగా పేరుకుంది. కాస్త కష్టమైన పని."

మా ఆవిడ వెంటనే నా వైపు తిరిగింది. "సెప్పానా? తమలపాకుకి అంత సున్నం రాయకని సెప్పానా లేదా?"

ఇది ఆ సున్నం కాదు ఆంటీ అని ఆయన ఎంత చెప్పినా ఆవిడ నమ్మలేదు. ఇప్పటికీ నమ్మదు. మా ఇంట్లో సున్నం డబ్బీ ఆ రోజు మాయమైంది, మళ్లీ కనబడలేదు.

వెళ్లబోతూ డాక్టరు అడిగాడు, "అంకుల్, ఇంట్లో మీరు ఏం మాట్లాడతారు?"

"తెలుగు సార్."

"తెలుగు, హిందీ. సరే."

ఇంకేం వచ్చని ఆయన అడగలేదు. ఇంకేం వచ్చో నేను చెప్పలేదు. దాచాలని కాదు. మాకు అది చెప్పుకునే విషయంగా తోచదు. రెండు కాళ్లున్నాయని ఎవరైనా విడిగా చెబుతారా? పక్కనే ఉన్న సిస్టర్ మాత్రం ఏదో అనబోయి ఆగింది. ఆవిడ బెంగాలీ, ఇక్కడే పుట్టినావిడ. ఇక్కడివాళ్ల సంగతి ఆవిడకు తెలుసు.

మర్నాడు పొద్దున్నే తయారు చేశారు. మణికట్టు నుంచే పంపుతామన్నవాళ్లు తొడ దగ్గర కూడా గొరిగారు. "చేతి పనికి అక్కడెందుకయ్యా?" అని గొరిగినతన్ని అడిగితే, "స్టాండ్ బై అంకుల్" అన్నాడు. ఓడల్లో పనిచేసినవాణ్ణి, స్టాండ్ బై అంటే గౌరవం. నోరు మూసుకున్నాను.

ఆ గది చేపల కోల్డ్ స్టోరేజీ కన్నా చల్లగా ఉంది. సన్నటి బల్ల మీద పడుకోబెట్టి, మెడ నుంచి కాళ్లదాకా నీలం గుడ్డలు కప్పారు. ఛాతీ మీద ఒక పెద్ద యంత్రం వంగి చూస్తూ ఉంది. ఎడమ పక్క తెరల మీద నా గుండె నల్లగా, బూడిదరంగులో కొట్టుకుంటోంది. డాక్టరు కుడివైపు, ఆయన పక్కన తమిళ టెక్నీషియన్ ఒకతను, తల దగ్గర సిస్టర్. ఎక్స్‌రే సోకకుండా అందరూ బరువైన సీసం కోట్లు తొడుక్కున్నారు. నాకు మత్తు ఇవ్వలేదు. మణికట్టు దగ్గర తిమ్మిరి సూది, అంతే. కాబట్టి నేను పూర్తి మెలకువగా ఉన్నాను, పూర్తి చెవులతో ఉన్నాను.

మొదట్లో అంతా కులాసాగా సాగింది. తలవెంట్రుకంత వైరు ఒకటి నా నాళంలోకి దూరి ముందుకు పోవడం తెర మీద చూశాను. డాక్టరు నాతో కబుర్లు చెబుతూనే పని చేస్తున్నాడు. అంకుల్ ఏ ఫెర్రీలో చేసేవారు, ఎప్పుడైనా నీళ్లలో పడ్డారా అని. నేను పడ్డ కథలూ, పడని కథలూ చెప్పాను. "అంకుల్, గొంతు కాస్త తగ్గించండి" అని సిస్టర్ రెండుసార్లు అంది. ఇంజిను చప్పుడు మీద అరిచి అరిచి నాకు ఉన్నదే ఒక గొంతు, దానికి తగ్గించే మర లేదు.

స్టెంటు తొడిగిన బెలూను వెళ్లింది. మలుపు దగ్గర ఆగింది. డాక్టరు కొద్దిగా తోశాడు, కదల్లేదు. కొద్దిగా వెనక్కి తీశాడు. మళ్లీ తోశాడు. కబుర్లు తగ్గాయి. "వెనక్కి తెచ్చేద్దాం, ముందు సున్నం పగలగొట్టి మళ్లీ పంపుదాం" అని తనలో తాను అనుకున్నట్టు హిందీలో అన్నాడు. వెనక్కి తీస్తున్నాడు.

అప్పుడు టెక్నీషియన్ తెర దగ్గరికి వంగి, చల్లగా, తమిళంలో అన్నాడు: "సార్, బెలూన్ మేలే స్టెంట్ కాణోం."

బెలూను మీద స్టెంటు కనబడటం లేదని.

డాక్టరు గొంతు మారలేదు. నాతో హిందీలో, "సబ్ బఢియా హై అంకుల్" అని, అదే ఊపులో తమిళంలో, "జారిపోయింది. వైరు కదిలించొద్దు. ఎక్కడుందో చూడు" అన్నాడు.

ఇదీ వాళ్ల పద్ధతి. తర్వాత ఆయనే చెప్పాడు. రోగి మెలకువగా ఉంటాడు కదా, భయపడితే గుండె దడదడలాడుతుంది, బీపీ లేస్తుంది, ఉన్న కష్టానికి ఇంకో కష్టం తోడవుతుంది. అందుకని ఏదైనా తేడా వస్తే రోగికి రాని భాషలోకి దిగిపోతారట. మెయిన్‌లాండ్‌లో బ్రహ్మాండంగా పనిచేసేదట.

నేను తల కాస్త ఎత్తి, పక్కింటి తమిళంలో అడిగాను. "బెలూను మీద లేకపోతే మరెక్కడుంది సార్?"

గదిలో అందరూ బొమ్మల్లా నిలబడిపోయారు. సిస్టర్ ఒక్కతే కళ్లు పైకి తిప్పింది, నేను ముందే చెబుదామనుకున్నాను అన్నట్టు.

"అంకుల్‌కి తమిళం వచ్చా?" అన్నాడు డాక్టరు.

"కొంచెం సార్."

ఆయన తేరుకుని, టెక్నీషియన్ వైపు తిరిగి, మలయాళం అందుకున్నాడు. అతనిది కేరళ సరిహద్దు ఊరట, రెండూ వచ్చట. స్టెంటు మలుపుకి ఇవతల, వైరు మీదే ఉంది, అదృష్టం, అక్కడే వదిలేస్తే దాని చుట్టూ రక్తం గడ్డకట్టి నాళం మూసుకుపోతుంది, తీసేటప్పుడు వైరు మీంచి తప్పిపోతే రక్తంలో కొట్టుకుపోయి తలకు చేరొచ్చు, ఇదంతా గబగబా అన్నాడు. నేను ప్రతి ముక్కా విన్నాను. ఫెర్రీలో ఇంజినీరు దగ్గర ఊరుకోని నాలుక ఇక్కడా ఊరుకోలేదు.

"తలకు పోతే మళ్లీ ఎలా తీస్తారు సార్?" అన్నాను మలయాళంలో.

డాక్టరు చెయ్యి ఆగింది. టెక్నీషియన్ నవ్వాలో ఏడవాలో తెలియక మాస్కు వెనక దగ్గాడు. సిస్టర్ ఎవరికీ వినబడకూడదన్నట్టు, "హే ఠాకుర్, కోథాయ్ గెలో" అని గొణిగింది. దేవుడా, ఎక్కడికి పోయిందో అని. నాకు ఆవిడ మీద జాలేసింది. "దీదీ, నాలోనే ఉంది, ఎక్కడికీ పోదు" అని బెంగాలీలో ధైర్యం చెప్పాను.

ఇంగ్లీషు మిగిలింది. డాక్టరు ఏదో అనబోయాడు. "ఓడలో పనిచేశాను సార్" అన్నాను ముందే. ఆయన ఆ ప్రయత్నం మానుకున్నాడు.

ఇక్కడ నేను ఊరుకుని ఉంటే బాగుండేది. ఊరుకుంటే నేనెందుకవుతాను? తెర మీద చూస్తుంటే నాకు ఫెర్రీ తాడు జెట్టీ సందులో ఇరుక్కున్నట్టే అనిపించింది. "సార్, ఒక్క గట్టి లాగు లాగండి, వచ్చేస్తుంది" అన్నాను.

"అంకుల్, ఇది తాడు కాదు" అన్నాడు డాక్టరు, తొలిసారి కాస్త గట్టిగా. "గట్టిగా లాగితే నాళం చిరుగుతుంది. చిరిగితే ఛాతీ కోసి ఆపరేషన్ చెయ్యాలి. అది ఇక్కడ లేదు, విమానంలో చెన్నై పంపాలి. మీరు అంతదూరం..."

ఆ వాక్యం ఆయన పూర్తిచెయ్యలేదు. ఆ తర్వాత ముగ్గురూ మాట్లాడటం మానేశారు.

నా జీవితంలో నాకు అర్థంకాని మాటలు చాలా తక్కువ. ఆ నిశ్శబ్దం మాత్రం ఒక్క ముక్క అర్థంకాలేదు. గుడ్డల అవతల చేతులు కదులుతున్నాయి, కళ్లు కళ్లతో ఏదో చెప్పుకుంటున్నాయి, యంత్రం నా ఛాతీ మీద అటూ ఇటూ తిరుగుతోంది. అంతవరకూ వేడుకలా ఉన్నదంతా హఠాత్తుగా నా మీదికి వచ్చి పడింది. పై ప్రాణాలు పైనే పోయాయంటారే, అలా అయింది. నాలో ఒక ఇనుప ముక్క దారి తప్పి కూర్చుంది, అది బయటికి రాకపోతే నేను ఈ బల్ల మీంచి లేవను. ఇంత చిన్న సంగతి ఇన్ని భాషల్లో విని కూడా నాకు అప్పటిదాకా తలకెక్కలేదు. బయట బెంచీ మీద మా ఆవిడ కూర్చుని ఉంది. మధ్యాహ్నానికి ఇంటికెళ్లి వంకాయ పులుసు వండి తెస్తానంటే, ఉప్పు లేని వంకాయ నాకెందుకని పొద్దున్నే విసుక్కుని వచ్చాను.

"సార్," అన్నాను. ఏ భాషలో అన్నానో గుర్తులేదు. "ఏదో ఒకటి చెప్పండి. భయమేస్తోంది."

డాక్టరు చేతులు కదపకుండానే నా మొహం వైపు వంగాడు. మాస్కు మీద కళ్లు మాత్రం కనబడుతున్నాయి. చాలా చిన్నవాడు. మెయిన్‌లాండ్ నుంచి నేర్చుకొచ్చిన పద్ధతంతా మా దీవిలో పనికిరాకుండా పోయిందని ఆయనకు అప్పుడే పూర్తిగా అర్థమైనట్టుంది.

"సరే అంకుల్. ఒక ఒప్పందం. నేను చేసేదంతా మీకు చెప్పి చేస్తాను. ఏమీ దాచను. మీరు మాత్రం ఒక్క మాట మాట్లాడకూడదు. మీరు మాట్లాడితే ఛాతీ కదులుతుంది, ఛాతీ కదిలితే ఆ వైరు కదులుతుంది. మాట ఇస్తారా?"

ఇస్తానని చెప్పబోయి, అది కూడా మాటే కదా అని కనురెప్పలు ఆర్పాను.

ఆయన హిందీలో మొదలుపెట్టాడు. వైరు ఇంకా స్టెంటు మధ్యలోంచే ఉంది కాబట్టి, అన్నిటికన్నా సన్నటి బెలూను ఒకటి ఆ వైరు మీదుగా స్టెంటు లోపలికి పంపిస్తాను. అవతలికి వెళ్లాక ఊదుతాను. ఊదిన బెలూను స్టెంటు కన్నా లావవుతుంది. అప్పుడు వెనక్కి తెస్తే అది స్టెంటును తోసుకుని వచ్చేస్తుంది. అర్థమైందా? కళ్లు ఆర్పాను. అర్థమైంది గానీ, బెలూను ముందు దూరాలిగా. దూరలేదు. రెండుసార్లు అంచుకు తగిలి ఆగిపోయింది. దూరలేదు అంకుల్ అని నాకు చెప్పాడు. ఇంకా సన్నది అడిగాడు. టెక్నీషియన్ బీరువాలో వెతుకుతున్నాడు. మా ఊళ్లో ఏ దుకాణానికి వెళ్లినా, ఉన్నది అయిపోయింది, వచ్చే షిప్పులో వస్తుంది అంటారు. ఆ మాట ఇక్కడ వినబడుతుందేమోనని నేను చెవులు రిక్కించాను.

"ఉంది సార్" అన్నాడు. ఆ అబ్బాయికి పిల్లాపాపలు చల్లగా ఉండాలి.

అది దూరింది. ఊదారు. ఛాతీలో మళ్లీ ఆ మోకాలు నొక్కుడు. కేక పెట్టాలనిపించింది. పళ్లు బిగబట్టాను. "నొప్పి వస్తుంది అంకుల్, నేను ఆపేదాకా ఓర్చుకోండి" అంటున్నాడు. సిస్టర్ నా నుదుటి మీద చెయ్యి వేసింది. వెనక్కి తెస్తున్నాడు. తెర మీద ఒక చిన్న గీత, గొట్టం మూతి వైపు వస్తోంది. మూతి దాకా వచ్చింది, లోపలికి మాత్రం దూరనంది. ఒక అంచు వంగిపోయిందట. "అంకుల్, లోపలికి పోవడం లేదు. గొట్టం, బెలూను, వైరు, స్టెంటు, అన్నీ కలిపి ఒక్కసారిగా చేతి లోంచి బయటికి తీసేస్తున్నాను. కదలొద్దు."

భుజం, మోచెయ్యి, ముంజెయ్యి. లోపల ఏదో పాకుతున్నట్టుంది. మణికట్టు దగ్గర పట్టేసింది. అక్కడ పెట్టిన చిన్న గొట్టాన్ని కూడా కలిపి లాగేశారు. సిస్టర్ వెంటనే మణికట్టు మీద బలంగా నొక్కింది. డాక్టరు గాజుగుడ్డ మీద దాన్ని పెట్టి, దీపం కింద తిప్పి చూశాడు.

"వచ్చేసింది" అన్నాడు. తమిళంలో అన్నాడు, తర్వాత మలయాళంలో, తర్వాత హిందీలో. సిస్టర్ బెంగాలీలో దండం పెట్టింది.

నాకు చూపించాడు. నలిగిన జీలకర్ర గింజ లాంటిది. దీనికోసమా ఇంత! నాకు బోలెడన్ని అడగాలనిపించింది. ఒప్పందం గుర్తొచ్చి కళ్లు మాత్రం ఆర్పాను. ఆయన కళ్లు నవ్వాయి. "ఇంకా పని ఉంది అంకుల్. ఒప్పందం ఇంకా ఉంది." వైరు కూడా వచ్చేసింది కాబట్టి మొదటి నుంచి చెయ్యాలట. మణికట్టు దారి వాచిపోయింది కాబట్టి తొడ నుంచట. స్టాండ్ బై అంటే ఏమిటో అప్పుడు తెలిసింది.

ఈసారి ముందు గట్టి బెలూనుతో సున్నాన్ని పగలగొట్టారు. కొత్త స్టెంటు మలుపు దాటి, వెళ్లాల్సిన చోటికి వెళ్లి కూర్చుంది. ఎండాకాలం సన్నగా పారిన వాగులోకి వాన నీళ్లు దిగినట్టు, నాళంలోకి ఎక్కించిన రంగు మందు నల్లటి గీతై, లావుగా చివరిదాకా పాకడం తెర మీద చూశాను. డాక్టరు అంతా పూర్తిచేసి, "ఇప్పుడు మాట్లాడొచ్చు అంకుల్" అన్నాడు. నేను ఆయన చెయ్యి పట్టుకుని ఊరుకున్నాను.

ఐసీయూలోకి తీసుకెళ్లాక నేనొక నిర్ణయానికి వచ్చాను. స్టెంటు జారిన సంగతి మా ఆవిడకు చెప్పకూడదు. ఆవిడ భయపడుతుంది, సున్నం మీదికి పోతుంది, నా తమలపాకు కూడా మాయమవుతుంది. నా నోట్లో నువ్వుగింజ నానదని లోకానికి తెలుసు, అయినా ఈ ఒక్కటి నానబెడదామనుకున్నాను.

ఆవిడ వచ్చింది. మంచం పక్కన నిలబడి, ముందు నా ఛాతీ పైకి లేచి కిందికి దిగడం చూసింది. దుప్పటి తొలగించి మరీ చూసింది. జుట్టు ముడి ఊడిపోయి ఉంది, చీర కొంగు ఒకచోట చిరిగి ఉంది.

"కొంగు ఏమైంది?"

"గార్డుతో దెబ్బలాడాను. లోపలికి ఎల్లనివ్వలేదు. నువ్వు సెప్పు, లోపల ఏటయింది?"

"ఏమీ కాలేదు. పెట్టారు, అయిపోయింది. కొంచెం ఆలస్యం, అంతే."

"నాకు కతలు సెప్పకు." ఆవిడ స్టూలు లాక్కుని కూర్చుంది. "నేను తలుపు దగ్గరే కూకున్నాను. నీ గొంతు వినబడతానే ఉంది. ముందు హిందీలో కోతలు కోసావు. తరవాత తమిళంలో ఏదో అడిగావు. పక్కనామె భయపడతంటే నేనే సెప్పాను, మా ఆయనే, లోపల పంచాయితీ పెట్టాడు, ఏం కాదు అని. మలయాళంలో కూడా అడిగావు. బెంగాలీ వినబడితే అందరం నవ్వుకున్నాం. తరవాత..."

నా దుప్పటి అంచు పట్టుకుని మడత పెట్టడం మొదలుపెట్టింది, విప్పింది, మళ్లీ మడతపెట్టింది.

"తరవాత నీ గొంతు ఆగిపోయింది. ఎంతసేపు సూసినా రాలేదు. పెళ్లయిన కాడ్నించి నువ్వు మెలకువగా ఉండి అంతసేపు మాటాడకుండా ఉన్న రోజు లేదు. ఇంక నువ్వు లేవనుకున్నాను. తలుపు బాదాను. గార్డు ఆపాడు. పనంతా అయ్యాక డాక్టర్ బాబు వచ్చి, సబ్ ఠీక్ హై ఆంటీ అన్నాడు, నేను నమ్మలేదు. ఠీక్ అయితే మాటేది, ఆయన మాటేది అని అడిగాను. నవ్వాడు. నవ్వితే ఇంకా భయమేసింది."

డాక్టరుకు ఇచ్చిన మాట నిలబెట్టుకున్నానని ఆ రోజంతా నేను లోలోపల ఎంత గొప్పపడ్డానో. ఆ గొప్పంతా తలుపు అవతల ఈమెను ఏం చేసిందో నాకు అప్పటిదాకా తెలియలేదు. అయ్యో అనిపించింది. నిజంగా ఏడుపొచ్చింది.

ఇక నువ్వుగింజ నానలేదు. మొత్తం చెప్పేశాను. బెలూను మీద స్టెంటు కనబడకపోవడం, అందరూ భాషలు మార్చడం, నేను గట్టిగా లాగమంటే డాక్టరు కోప్పడటం, ఒప్పందం, దూరని బెలూను, జీలకర్ర గింజ, తొడ దగ్గరి స్టాండ్ బై, అన్నీ. ఆవిడ తిట్టలేదు. సున్నం ఊసే ఎత్తలేదు. మంచం పక్క కడ్డీ మీద తల ఆనించి, నా ఎడం చెయ్యి రెండు చేతులతో పట్టుకుని, కళ్లు మూసుకుంది. వింటోందో లేదో తెలియలేదు. నేను ఆపితే మాత్రం వేళ్లు బిగుసుకుంటున్నాయి. మళ్లీ మొదలుపెడితే వదులవుతున్నాయి.

అంతలో సిస్టర్ వచ్చింది. పక్క మంచాలవాళ్లు మా వైపే చూస్తున్నారు. "అంకుల్, బస్, చుప్. పొద్దున్నుంచి చాలా మాట్లాడారు, ఇక రెస్ట్ తీసుకోండి" అంది.

మా ఆవిడ కళ్లు తెరవలేదు, చెయ్యి వదల్లేదు.

"బోల్నే దో దీదీ" అంది. "మాటాడనియ్యి."

సిస్టర్ మంచం చుట్టూ తెర లాగేసి వెళ్లిపోయింది. చెప్పాల్సిందంతా అప్పటికే చెప్పేశాను కాబట్టి, నేను మళ్లీ మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాను.